పిల్లలతో కూర్చుని చూసే అడవి సినిమాలు: అడవి పక్కన ఉండేటోళ్లకు ఏవి నచ్చుతయి?

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ)
అందరికీ నమస్తే. ఎండకాలం సెలవులు కదా, మా వాడల పిల్లలకు వారానికో సినిమా వేద్దామనుకున్నం. ప్రొజెక్టర్ దొరికింది, తెరకు తెల్ల దుప్పటి ఉన్నది. పెద్దోళ్లు సుత వచ్చి కూసుంటరు కాబట్టి తిట్లు, తాగుడు ఉన్నవి వద్దు. అడవి, జంతువులు, ఓ కుటుంబం, కొంచెం సాహసం, అసొంటివి చెప్పుండ్రి. ఇంగ్లిష్‌వి అయినా ఫరవాలేదు, పక్కన నిలబడి నేను తెలుగుల చెప్త.

ఒక్కటి మాత్రం యాదికుంచుకోండ్రి. మా పిల్లలు అడవిని క్యాలెండర్ బొమ్మల్ల చూసినోళ్లు కాదు. మొన్నటిదాంక అమ్మల వెంట ఇప్పపువ్వు ఏరనీకి పోయిండ్రు, ఇప్పుడు తునికాకు కట్టలు కడుతుండ్రు. తెర మీద పులి కనవడితే వీళ్లు చప్పట్లు కొట్టరు, వెనకకు తిరిగి చూస్తరు.

బల్లార్షా_బండి (బల్లార్‌పూర్)
ఇందులో ఆలోచించేదేముంది అక్కా, 2016 జంగిల్ బుక్ వేసెయ్. తెలుగు డబ్బింగ్ ఉంది, నీ గొంతుకు రెస్ట్. పైగా కథ జరిగేది మన పక్కనే. సివనీ అంటే నాగపూర్ దాటి జబల్‌పూర్ రోడ్డు పట్టుకుంటే వచ్చే జిల్లా. అక్కడి పెంచ్ అడవి కొంత మహారాష్ట్రలోకి కూడా వస్తుంది.

ఊరొదిలినోడు (పుణె, సొంతూరు అహేరి)
కథ పక్కనే జరిగిందేమో గానీ సినిమాలో ఒక్క చెట్టూ ఇక్కడిది కాదు. లాస్ ఏంజెలెస్ స్టూడియోలో నీలం తెర ముందు తీశారు. మోగ్లీగా వేసిన నీల్ సేఠీ తప్ప దాదాపు అంతా కంప్యూటర్ పనే. విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ ఊరికే ఇవ్వలేదు. అయినా చూపించండి, బాగుంటుంది.

తునికాకు (ఆలాపల్లి)
జంగిల్ బుక్‌తోని నాకో తకరారు ఉన్నది. బాలూ, గా సినిమాల ఎలుగు. ఇప్పచెట్టు కింద ఎలుగు కొట్టి మొఖం పోయిన మనిషి మా దిక్కు ఊరికొకడన్న ఉంటడు. పొద్దు పొడువకముందే పోతం మనం, అదే టైముకు ఆ పువ్వు కోసమే అదీ వస్తది. ఇద్దరం వంగి నేలనే చూస్తుంటం, దగ్గరికొచ్చేదాంక ఒకరికొకరం కనవడం. ఎలుగును భుజం మీద ఎక్కించుకొని పాట పాడే దోస్తును చేసి చూపిస్తే, ఆరేండ్ల పిల్ల రేపు పొద్దుగాల ఏం జేస్తది?

బల్లార్షా_బండి
@తునికాకు అన్నా, పిల్లలకు ఆ మాత్రం తెలీదా? కార్టూన్‌లో ఎలుక పిల్లిని కొడుతుంది. అది చూసి ఎవడూ ఎలుకకి దండం పెట్టడు.

తునికాకు
పట్నం పిల్లలు ఎలుగును చూడరు కాబట్టి నడుస్తది తమ్మీ.

పాతరీలు (చంద్రపూర్)
ప్రాణహిత గారూ, మీరు అడిగిన 'ఓ కుటుంబం, అడవి' అన్నదే అమెరికాలో ఒకప్పుడు ఒక రకం సినిమాగా నడిచింది. 1975లో వచ్చిన 'ది అడ్వెంచర్స్ ఆఫ్ ది వైల్డర్‌నెస్ ఫ్యామిలీ' అందులో బాగా ఆడినది. దర్శకుడు స్టూవర్ట్ రాఫిల్. లాస్ ఏంజెలెస్‌లో కట్టుబడి పనిచేసే తండ్రి, కూతురికి ఊపిరి జబ్బు, ఆ ఊరి గాలి పడదు. ఉద్యోగం వదిలేసి భార్యాపిల్లల్ని తీసుకుని రాకీ కొండల్లోకి వెళ్లిపోయి, సరస్సు పక్కన దుంగలతో ఇల్లు కట్టుకుంటాడు. తోడేళ్లు, ఎలుగులు, కొండసింహం, చలి. విలన్ లేడు, పోలీసులు లేరు. 1978లో, 1979లో దానికి కొనసాగింపులు కూడా వచ్చాయి.

ఆ కాలంలో ఈ తరహా చిత్రాలను అమ్మిన తీరు నాకు సినిమాల కంటే ఆసక్తిగా ఉంటుంది. 1974లో వచ్చిన గ్రిజ్లీ ఆడమ్స్ చిత్రాన్ని తీసుకోండి. పంపిణీదారు థియేటర్‌తో వాటాలు మాట్లాడుకోడు. హాలునే కొద్దిరోజులకు గుత్తగా అద్దెకు తీసుకుంటాడు. అదే రోజుల్లో ఆ ఊరి టీవీలో ప్రకటనలు మోతెక్కిస్తాడు. వచ్చిన టికెట్ డబ్బంతా తనదే. మామూలుగా సినిమా హాలు గడప తొక్కని కుటుంబాలు, పిల్లలూ ముసలాళ్లూ అంతా కలిసి వచ్చేవారు. ఆ రోజుల్లో హాలీవుడ్ పెద్ద సంస్థలు నెత్తురు సినిమాలు, పెద్దల సినిమాల వెంట పడి ఈ జనాన్ని వదిలేశాయి. వీళ్లు అది పసిగట్టారు.

కథగా చూస్తే బలహీనమే. కొండలూ నీళ్లూ మాత్రం అసలువి, ఆ రోజుల్లో కంప్యూటర్ జంతువు అనేది లేదు కాబట్టి ఎలుగులూ అసలువే. పిల్లలు అక్కడ తేడా పట్టేస్తారు.

తునికాకు
సారూ, ఆ సినిమా మా ఇంట్ల వేసిన. మా బాపు డిపోల టేకు దుంగలు కొలిచే పని చేసి రిటైరయిండు. హీరో ఇల్లు కట్టే కాడ మొత్తం అడ్డం వడ్డడు. 'పచ్చి దుంగ మీద పచ్చి దుంగ పేర్చిండు. అది ఎండినంక గుంజుకపోదా? సందుల నుంచి పాములు రావా?' అన్నడు. బెరడు తీయకుండ పెడితే పురుగు తింటదని ఆయన బాధ. హీరో అటు పొయ్యి పెట్టుకొని పాటల మీద ఉన్నడు, ఈయన ఇటు ఇంటి గురించి పరేషాన్.

మా అవ్వ ఇంక ఘోరం. సగం సినిమా అయినంక అడిగింది, 'వీళ్ల చేను ఏడున్నదిరా? గీళ్లకు ఉప్పు ఎవరు తెచ్చిస్తుండ్రు?'

ఊరొదిలినోడు
హహహ. అవ్వకు జిందాబాద్. కానీ అన్నా, సినిమా చూసే తీరేనా ఇది? ఉప్పు లెక్క, దుంగ లెక్క వేసుకుంటే ఇక ఏ సినిమా మిగులుతుంది? పుణెలో నా పిల్లలు అదే సినిమా నోరు తెరుచుకుని చూశారు. 'నాన్నా, మనం కూడా వెళ్దామా' అన్నారు.

తునికాకు
ఎక్కడికి? అహేరికా?

ఊరొదిలినోడు
🙏

ప్రాణహిత_ఒడ్డు
@ఊరొదిలినోడు తమ్ముడూ, అవ్వ చూసినట్టే మా పిల్లలు సుత చూస్తరు, అందుకే అడుగుతున్న. మొన్న ఫోన్ల ఒక అడవి సినిమా ముక్క చూపిస్తే ఓ పోరడు ఏమన్నడో తెలుసా? 'టీచర్, ఆమె ఒక్కతే ఎందుకు పోయింది? గుంపుల పోవాలె, గట్టిగ మాట్లాడుకుంట పోవాలె.' డైరెక్టర్‌కు తెలువనిది వానికి తెలుసు. అట్లని వాళ్లకు సరద లేదనుకోకు. భయం ఉండాలె, కని ఆ భయానికి ఓ లెక్క ఉండాలె. ఊరికే చెట్టు వెనక నుంచి దుంకితే నవ్వుతరు.

అడవిల బతుకుడంటే పని. నీళ్లు, కట్టెలు, తిండి, జరం వస్తే మందు. ఆ పని తెర మీద కనవడ్డప్పుడే మా వాళ్లు కదలకుండ కూసుంటరు. ఇల్లు కట్టే సీన్ల మీ బాపు కొట్లాడిండంటే ఆ సీన్ పనిచేసినట్టే లెక్క.

గుణుపురం_గుంటడు (గుణుపూర్, రాయగడ జిల్లా)
ఒడిశా వైపు నుంచి ఒక ముక్క చెప్తాను. మీరేటి సినిమాలైనా ఎయ్యండి గానీ ఏనుగుల సినిమా ఎయ్యేటప్పుడు ఒకసారి ఆలోచించండి బాబూ. మా నాయనమ్మకి అడవి రాముడంటే ప్రాణం. 1977లో బండి కట్టించుకుని పార్వతీపురం ఎల్లి మరీ చూసిందట. తెర మీద ఏనుగులు ఎన్టీవోడికి సాయం చేస్తంటే హాలంతా ఈలలు. ఇప్పుడు? గజపతి జిల్లా లఖారీ లోయ నుంచి దిగిన గుంపులు ఇటు మా పొలాలూ అటు పార్వతీపురం, శ్రీకాకుళం పొలాలూ తొక్కీసి తిరుగుతన్నాయి. చెరుకు, అరిటి, వరి, ఏదీ మిగల్దు. రాత్రి టపాసులు కాల్చి తోలుకునే ఊళ్లో ఏనుగు పాట ఏస్తే ముసిలోళ్లు లేచి ఎల్లిపోతారు.

బల్లార్షా_బండి
మాకూ అదే కథ అన్నా. గడ్చిరోలికి 2021లో ఛత్తీస్‌గఢ్ నుంచి ఏనుగుల మంద వచ్చింది, వెనక్కి పోలేదు. 2024 ఏప్రిల్‌లో అందులోంచి ఒకటి విడిపోయి ప్రాణహిత దాటి ఆసిఫాబాద్ జిల్లాలో పడింది. ఇద్దరు రైతులు చనిపోయారు. దాని తర్వాత మా మేనత్త వాళ్ల ఊళ్లో సాయంత్రం ఆరు దాటితే చేలోకి పోవడం బంద్.

పాతరీలు
ఒక సంగతి కలపనివ్వండి. అడవి రాముడు తీసింది తమిళనాడు ముదుమలై అడవుల్లో. 2023లో ఆస్కార్ గెలుచుకున్న 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' డాక్యుమెంటరీ కూడా ముదుమలైదే. అనాథ ఏనుగు పిల్లను పెంచిన బొమ్మన్, బెళ్లి అనే దంపతుల కథ. అదే అడవి, అదే జంతువు. మొదటిదాంట్లో ఏనుగు హీరో పక్కన నిలబడే సైన్యం. రెండోదాంట్లో పాలు తాగించి, స్నానం చేయించి, రాత్రి లేచి చూసుకోవలసిన బిడ్డ. ప్రాణహిత గారు అడిగిన 'పని' అంతా అందులోనే ఉంది, నలభై నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద సినిమాకు ముందు వేయవచ్చు. ఏనుగు దెబ్బ తిన్న ఊళ్లో మాత్రం నేనూ వేయను.

జయపురం_జాజి (జయపూర్, కొరాపుట్ జిల్లా)
నేను ఆలస్యంగా చూశాను. మా వాళ్లకి అడవి సినిమా అంటే ఇప్పుడు ఒకటే గుర్తు, 2025 మార్చిలో మహేశ్‌బాబు షూటింగు. తాలమాలి కొండ మీద సెట్టు వేశారని తెలిసి మా అపార్ట్‌మెంట్ సగం బండ్లేసుకుని వెళ్లింది. ఎవరికీ ఏమీ కనపడలేదనుకోండి. అప్పుడే రాజమౌళి గారు దేవమాలి ఎక్కి వీడియో పెట్టారు, చూసే ఉంటారు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తయిన కొండ, 1,672 మీటర్లు. పైన చూపు అద్భుతం, చెత్త చూస్తే బాధేసింది అని రాశారు. ఆ చెత్తలో మా ఊరి వాళ్ల చిప్స్ ప్యాకెట్లూ ఉంటాయి, దాచేదేముంది.

ఇక నా గొడవ. మా బడిలో పిల్లలు చదివేది ఒడియా, ఇంట్లో మాట్లాడేది కొందరు తెలుగు, కొందరు దేశియా, కొందరు కువి. తెలుగు డబ్బింగ్ వేస్తే సగం మంది దిక్కులు చూస్తారు. హిందీ వేస్తే మిగతా సగం. మాటలు తక్కువున్న సినిమా ఏదైనా ఉందా?

పాతరీలు
జాజి గారూ, మీ కోసమే ఉన్నట్టుంది ఒకటి. 'ది బేర్', 1988. దర్శకుడు జాన్ జాక్ అనో. కథ 1885 నాటి కెనడా కొండల్లో, చిత్రీకరణ ఇటలీ డోలొమైట్ కొండల్లో. మనుషుల మాటలు చాలా తక్కువ. ఎలుగు పిల్ల, తల్లి లేనిది, గాయపడ్డ పెద్ద మగ ఎలుగు వెంట పడుతుంది. అది మొదట తరుముతుంది. పిల్ల దగ్గరికి చేరి గాయం నాకుతుంది. వెనక వేటగాళ్లు. కంప్యూటర్ మాయ లేని రోజులు, శిక్షణ ఇచ్చిన జంతువులతో తీశారు. పెద్ద ఎలుగుగా చేసిన బార్ట్ తర్వాత చాలా హాలీవుడ్ సినిమాల్లో కనిపించింది.

ముందే చెప్తున్నాను, తల్లి ఎలుగు తేనె కోసం తవ్వుతుంటే రాళ్లు విరిగి మీద పడి చచ్చిపోతుంది. అది మొదటి నిమిషాల్లోనే. చిన్నపిల్లలు ఏడుస్తారు. ఏడిస్తే ఏడవనివ్వండి, పిల్ల బతికేస్తుంది.

అన్నట్టు, ఎవరైనా డిస్నీ 'స్విస్ ఫ్యామిలీ రాబిన్‌సన్' (1960) సిఫారసు చేసేలోపు నేనే చెప్పేస్తాను. టొబాగో దీవిలో తీశారు. ఓడ పగిలి దీవిలో చిక్కుకున్న కుటుంబం, చెట్టు మీద ఇల్లు. ఆ ఇల్లు చూస్తే నాకు ఇప్పటికీ వెళ్లి ఉండాలనిపిస్తుంది. కానీ పులి, నిప్పుకోడి, జీబ్రా, ఏనుగు అన్నీ ఒకే దీవిలో! వాటి మీదెక్కి పందెం కూడా. తునికాకు గారి బాపుకు చూపించవద్దు.

తునికాకు
చూపిస్త సారూ, ఆయనకు బీపీ గోలి ఇచ్చి చూపిస్త.

నిర్వాహకుడు
సినిమా డౌన్‌లోడ్ లింకులు ఇక్కడ పెట్టకండి. రెండు తీసేశాను. చర్చ కానివ్వండి.

తునికాకు
సరే, మస్తు దూరం తిరిగినం, రాకీ కొండలు, ఇటలీ, టొబాగో. మన భామ్రాగఢ్ తాలూకా యాదికి రాదా ఎవ్వరికీ?

హేమల్‌కసా. 1973 డిసెంబర్ల ప్రకాశ్ ఆమ్టే, మందాకినీ ఆమ్టే, ఇద్దరూ డాక్టర్లు, ఆ అడవిల వచ్చి కూసున్నరు. కరెంటు లేదు, వానకాలం వస్తే తొవ్వ బంద్. మాడియా గోండులకు వైద్యం, తర్వాత బడి. వాళ్ల పిల్లలు అక్కడ్నే ఆ గోండు పిల్లలతోని కలిసి పెరిగిండ్రు. ఇంటి చుట్టు చిరుతపులి, ఎలుగు, దుప్పులు. 2008ల ఇద్దరికీ కలిపి మెగసెసె అవార్డ్ వచ్చింది. 2014ల వీళ్ల మీద సినిమా తీసిండ్రు, నానా పాటేకర్, సోనాలీ కులకర్ణి. డైరెక్టర్ సమృద్ధి పోరే.

ఇగ జూడుండ్రి. ఆ అమెరికా సినిమా వచ్చింది 1975ల. దానికి రెండేండ్ల ముంగటనే నిజం కుటుంబం ఒకటి మన జిల్లాల అడవికి వచ్చి ఉన్నది. ఆ సినిమాల ఆయన బిడ్డ ఊపిరి కోసం పోయిండు, తప్పు కాదు. కని ఆ అడవిల ముందు నుంచి బతికే జనం ఉన్నట్టే అనిపియ్యదు. కుటుంబం, కొండలు, జంతువులు. ఈడ వచ్చినోళ్లు ముందుగాల ఆడ ఉన్నోళ్ల భాష నేర్చుకున్నరు, గా మాడియా. అవ్వ అడిగిన ఉప్పుకు జవాబు ఉన్నది ఈ కథల.

ఆ జంతువులు ఎట్ల వచ్చినయో తెలుసా? వేటకు పోయినోళ్లు చచ్చిన కోతిని కట్టెకు కట్టి మోసుకొస్తుండ్రు, దాని పిల్ల తల్లి రొమ్మును వట్టుకొనే ఉన్నది. ఆకలికి కొట్టిండ్రు, సరదకు కాదు. ఆయన వాళ్లను తిట్టలే. ఆ పిల్లను నాకియ్యుండ్రి, తిండి నేనిస్త అన్నడు. అట్ల మొదలైంది. గీ సంగతి పిల్లలకు చెప్పి సినిమా వేస్తే ఎట్లుంటదో ఆలోచించుండ్రి.

ఊరొదిలినోడు
అన్నా, ఆమ్టేల మీద నాకూ గౌరవమే. చిన్నప్పుడు బడి వాళ్లు ట్రిప్పుకు తీసుకుపోయారు కూడా. కానీ అది పెద్దల సినిమా. జబ్బులు, ఆఫీసర్లు, చావులు. పిల్లలు అరగంటకు లేచి పరిగెత్తుతారు. సాహస సినిమా అడిగితే జీవిత చరిత్ర ఇస్తున్నావు. ఇంకోటి, చిరుతను ఇంట్లో పెంచుకోవచ్చు అనే మాట పిల్లల బుర్రలోకి పోతే? బాలూ మీద నువ్వు పెట్టిన కేసే దీనికీ పెట్టొచ్చు.

తునికాకు
మంచి దెబ్బ కొట్టినవు. ఒప్పుకుంట కొంచెం. అయితే ఆ చిరుత తల్లి లేనిది, పాలు తాగే కూన నుంచి మనిషి పెంచింది. ఆ మాట సినిమాకు ముందు చెప్పాలె. బాలూకు ముందు ఏం జెప్పినా నడువది, పాట ఉంటది కదా.

ప్రాణహిత_ఒడ్డు
మరాఠీల ఉన్నది కాబట్టి మా పిల్లలకు అర్థమైతది, బడిల చదివేది అదే. పెద్దోళ్లకు నేను తెలుగుల చెప్త. కని మొదటి వారం ఇది కాదు. ముందు వాళ్లు కూసునుడు అలవాటు కావాలె.

గుణుపురం_గుంటడు
కొండపొలం ఎవరూ అనలేదేటి? 2021, క్రిష్ తీసినాడు, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల. నల్లమలలోకి గొర్రెల్ని తోలుకెళ్తారు, కరువొచ్చి ఊళ్లో నీళ్లు లేక. పులి ఉంది, దొంగలు ఉన్నారు, అన్నిటికీ మించి గొర్రెకి మేత, నీళ్లు ఎక్కడ అన్న గొడవ. కుటుంబం కూడా ఉంది, తండ్రీ కొడుకులు. డబ్బింగ్ గోల లేదు. గ్రాఫిక్స్ పులి అంత బాగోదు గానీ ఆ గొర్రెలు మాత్రం అసలువే.

బల్లార్షా_బండి
+1. పెద్దవాళ్ల కోసం విడిగా ఓ రోజు పెడితే షేర్నీ (2021) కూడా చూడండి. మధ్యప్రదేశ్‌లో తీశారు గానీ, చూస్తున్నంతసేపూ 2018లో యవత్మాళ్ జిల్లాలో కాల్చేసిన అవని పులే గుర్తొస్తుంది. పిల్లలకు వద్దు, చివర చాలా బరువు.

జయపురం_జాజి
'ది బేర్' వేశాను! మా అపార్ట్‌మెంట్ మేడ మీద. పాతరీలు గారికి వేల నమస్కారాలు. తల్లి చచ్చిపోయినప్పుడు అనుకున్నట్టే ఏడుపులు. మా పనమ్మాయి కూతురు, కువి మాట్లాడే పిల్ల, అయిదేళ్లుంటాయి, అది మాత్రం ఏడవలేదు. పక్కనున్న వాళ్ల భుజం తట్టి పుట్టతేనె అట్లా తవ్వకూడదని చేతులతో చూపిస్తోంది. కింద నుంచి కాదు, పక్క నుంచి. మాటలు లేని సినిమా కదా, మొత్తం వ్యాఖ్యానం దానిదే అయిపోయింది.

గొడవ మాత్రం ఆఖర్న వచ్చింది. వేటగాడి చేతిలో తుపాకీ లేనప్పుడు పెద్ద ఎలుగు వాడి ముందుకు వచ్చి అరిచి, చంపకుండా వెళ్లిపోతుంది. మా పక్క ఫ్లాట్ బాబు 'ఎలుగు అలా వదలదు, అబద్ధం' అన్నాడు. ఈ పిల్ల 'వదుల్తుంది, పరిగెత్తకపోతే' అని వాడి మీదకు వెళ్లింది. పెద్దవాళ్లు కూడా రెండు జట్లయ్యారు. దోమలు కుడుతున్నా ఎవరూ కిందికి దిగలేదు.

తునికాకు
పిల్ల చెప్పిందే కరెక్ట్. సగం కరెక్ట్. మా దిక్కు ఎలుగైతే నిలవడ్డా కొడ్తది ఒక్కోసారి.

ఊరొదిలినోడు
ఓకే, నేను ఓడిపోయాను, మా పిల్లలకు ఈ ఆదివారం అదే. @ప్రాణహిత_ఒడ్డు అక్కా, మీ మొదటి సినిమా ఏదో తేలిందా?

ప్రాణహిత_ఒడ్డు
కొండపొలం. నేను తేల్చలే. గొల్లోళ్ల వాడకు ఎవరో చెప్పిండ్రు, గొర్ల సినిమా వస్తున్నదని. నిన్ననే వచ్చి ముందు వరుస వాళ్లకేనని చెప్పి పోయిండ్రు. కరెంటు పోతే జనరేటర్ సుత వాళ్లే తెస్తరట.